పాత రంపం మిషను: ముందు వేళ్లు, తర్వాతే హార్స్‌పవర్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వారు నన్ను ‘ఇంజనీరుగా నీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు’ అన్నారు. నా వృత్తి గురించి మా ఇంట్లోవాళ్లే అయిదు నిమిషాలకు మించి వినరు. అందుకని సెలవు రోజుల్లో చేసే పని గురించి చెబుతానన్నాను. మా ఇంటి వెనక కారు షెడ్డు ఉంది గానీ అందులో కారుకు చోటు లేదు. వడ్రంగం బల్ల, ఉలులు, చిత్రికలు, గోడ నిండా రంపాలు, మధ్యలో ఒక పాత రంపం మిషను ఉన్నాయి. ఆ మిషనును ఎలా బాగుచేశానో, అంతకన్నా ముఖ్యంగా ఏ వరసలో బాగుచేశానో చెబుతాను. ఈ విషయమే ఎందుకంటే, క్రాఫ్ట్ గదిని మళ్లీ తెరిచే ఆలోచన సంఘానికి ఉందని, ‘నీ మిషను గానీ, అలాంటిదే ఇంకొకటి గానీ బడికి ఇప్పిస్తావా’ అని నన్ను అడిగారు. దానికి జవాబు చివర్లో చెబుతాను. ముందు మిషను సంగతి తెలిస్తేగానీ నా జవాబు అర్థం కాదు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. రంపం మిషను అంటే ఒక ఇనుప బల్ల. బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి పళ్ల బ్లేడు కొంత పైకి వచ్చి తిరుగుతూ ఉంటుంది. పక్కన గైడు ఉంటుంది. చెక్కను ఆ గైడుకు ఆనించి ముందుకు తోస్తే నిలువునా కోసుకుపోతుంది. చేతి రంపంతో గంట పట్టే పని నిమిషంలో అయిపోతుంది. సామిల్లుల్లో, టింబరు డిపోల్లో మీరంతా ఆ కూత విన్నవాళ్లే.

నాకు దొరికింది మూతపడిన ఒక ఫర్నిచర్ షెడ్డులోది. బల్ల, దిమ్మ అంతా పోత ఇనుము. రెండువందల కిలోలకు పైనే తూగింది, పాత ఇనుము లెక్కన డబ్బు కట్టాను. ఎవరు చేశారో తెలియదు, దిమ్మ మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. కిరసనాయిలు పోసి తుప్పు గీకితే కింద బల్ల అద్దంలా బయటపడింది. స్కేలు నిలబెట్టి వెనక టార్చిలైటు వేసి చూశాను. సందులోంచి వెలుతురు ఎక్కడా రాలేదు. పోత ఇనుములో ఒక గుణం ఉంది. పోసిన కొత్తలో లోపలి బిగువుల వల్ల కొంచెం కొంచెం కదులుతుంది. ఏళ్లు గడిచాక కుదురుకుంటుంది. నలభై ఏళ్ల బల్ల ఇంకా సమంగా ఉందంటే ఇక వంగదు. అలాంటి బల్లను ఇవాళ కొత్తగా కొనాలంటే మాటలు కాదు.

మిషనుతో పాటు దాని యజమాని మేస్త్రి గారు కూడా లారీ దగ్గరికి వచ్చారు. తాళ్లు కట్టేటప్పుడు చూశాను. ఆయన ఎడమచేతికి చూపుడు వేలు, మధ్య వేలు సగానికే ఉన్నాయి. నేను చూడటం ఆయన చూశారు. “మిషను తప్పేం లేదు బాబూ, కొయ్య ఎగదన్నింది” అన్నారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఇంటికి తెచ్చాక చూసినవాళ్లంతా ఒకటే సలహా ఇచ్చారు. ‘రెండు హార్స్‌పవర్ మోటారుతో ఏమవుతుంది, అయిదు పెట్టించు. మంచి బ్లేడు వేయించు. పెయింటు కొట్టించు.’ పాత మిషను బాగుచేయడమంటే లోకం దృష్టిలో బలం పెంచడమే. ‘కొయ్య ఎగదన్నింది’ అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. కొయ్య ఎందుకు ఎగదన్నుతుందో తెలుసుకుంటే ఏ పని ముందు చేయాలో దానంతటదే తెలుస్తుంది.

ఇది తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమే. బ్లేడు ముందు అంచు, అంటే మన వైపు అంచు, కిందికి దిగుతూ కోస్తుంది. వెనక అంచు బల్లలోంచి పైకి లేస్తూ, మన వైపుకు తిరుగుతూ వస్తుంది. కోత సవ్యంగా సాగుతున్నంతసేపు వెనక పళ్లకు పనేమీ ఉండదు, కోసిన సందులో ఊరికే తిరుగుతుంటాయి. కానీ చెక్క ప్రాణం ఉన్న చెట్టుది కదా, దాని లోపల బిగువులు ఉంటాయి. నిలువునా చీల్చగానే ఆ బిగువు సడలి రెండు ముక్కలూ ఒకదాని వైపు ఒకటి వంగి, కోత సందు మూసుకుపోవచ్చు. అప్పుడు చెక్క వెనక పళ్లను నొక్కేస్తుంది. పళ్లు దాన్ని పైకెత్తి మన మీదికి విసురుతాయి. గైడు కాస్త వంకరగా ఉండి చెక్కను వెనక పళ్ల వైపు నెట్టినా ఇదే జరుగుతుంది.

ఎంత వేగంతో విసురుతుంది? నా మిషనుకు 10 అంగుళాల బ్లేడు. మోటారు నిమిషానికి 2,880 చుట్లు. మోటారు పుల్లీ 5 అంగుళాలు, బ్లేడు షాఫ్టు పుల్లీ 4 అంగుళాలు కాబట్టి బ్లేడు 3,600 చుట్లు తిరుగుతుంది. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే సరిచేయండి. చుట్టుకొలత దాదాపు 0.8 మీటరు, సెకనుకు 60 చుట్లు, అంటే సెకనుకు 48 మీటర్లు. గంటకు 170 కిలోమీటర్ల పైమాట. చెక్క ఛాతీకి తగలడం ఒక ప్రమాదం. దానికన్నా పెద్దది ఇంకొకటి. చెక్క ఎగిరిపోయిన క్షణంలో, దాన్ని తోస్తున్న చెయ్యికి ఆనిక పోయి ఆ చెయ్యి బ్లేడు మీదికే జారుతుంది. మేస్త్రి గారి వేళ్లు అలాగే పోయాయి.

దీనికి మందు చాలా చిన్నది. బ్లేడు వెనక, బ్లేడుకు సరిగ్గా అదే వరసలో, కొడవలి ఆకారంలో ఒక ఉక్కు రేకు నిలబెట్టాలి. దాన్ని రైవింగ్ నైఫ్ అంటారు. కోసిన సందులోకి ఆ రేకు దూరుతుంది కాబట్టి ముక్కలు రెండూ దగ్గరికి రాలేవు, వెనక పళ్లకు కొయ్య అందదు. రేకు మందం బ్లేడు కోసే సందుకన్నా తక్కువ ఉండాలి, బ్లేడు పళ్లెం మందం కన్నా ఎక్కువ ఉండాలి. నా బ్లేడు సందు 3.2 మి.మీ., పళ్లెం 2.2 మి.మీ. కాబట్టి 2.5 మి.మీ. రేకు తీసుకున్నాను. బ్లేడుకూ రేకుకూ మధ్య ఖాళీ 3 నుంచి 8 మి.మీ. లోపు ఉంచాలి. ఎత్తు బ్లేడు కొన కంటే ఒక పిసరు తక్కువ. ముందు అట్టముక్క మీద ఆకారం గీసి, అది రేకు మీద పెట్టి కోయించి, ముందు అంచును ఆకురాయితో పలచన చేసుకున్నాను.

ఇక్కడ పాత మిషను ఒక మేలు చేసింది. కొత్త మిషన్లలో బ్లేడే పైకీ కిందకీ కదులుతుంది. కాబట్టి రేకు కూడా దానితోపాటు కదిలేలా బిగించడం కొంచెం కష్టం. నా మిషనులో బ్లేడు కదలదు. చేతిచక్రం తిప్పితే బల్ల లేస్తుంది, దిగుతుంది. ఇది పాతకాలపు పద్ధతి, అసౌకర్యం అంటారు. నిజమే, కానీ రేకును దిమ్మకు రెండు బోల్టులతో బిగిస్తే చాలు, బల్ల ఎంత ఎత్తులో ఉన్నా బ్లేడుకూ రేకుకూ దూరం మారదు.

దీన్ని ఏదో విదేశీ ముచ్చట అనుకోకండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద మన రాష్ట్రాలు రాసుకున్న నిబంధనల్లో గుండ్రటి రంపానికి వెనక రైవింగ్ నైఫ్, పైన మూత, తోయడానికి కర్ర ఉండాలని ఉండేది. అయినా చిన్న షెడ్డుల్లో ఎన్ని మిషన్లకు ఉందో మీరే వెళ్లి చూడండి. చేతి కట్టరును ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి, స్విచ్చుకు తాడు చుట్టి, దాన్నే రంపం మిషనుగా వాడుతున్న చోట్లు ఎన్నో. ఇళ్లలో పనిచేసే మనలాంటివాళ్లకు ఆ చట్టం వర్తించేది కాదు. బ్లేడుకు ఆ తేడా తెలియదు.

పని సగం అయ్యాక మేస్త్రి గారికి ఫోన్ చేసి రమ్మన్నాను. కావాలనే ఒక వంకర మామిడి చెక్క తీశాను. సగం కోసేసరికి రెండు ముక్కలూ మూసుకుపోయి రేకును గట్టిగా పట్టేశాయి. చెక్క ఎక్కడిదక్కడే ఆగింది. మిషను ఆపి, చిన్న మేకు ముక్క కొట్టి సందు తెరిచి, మిగతాది కోశాను. ఆయన వంగి రేకును వేలితో తట్టి చూశారు.

“దీని ఖరీదెంత బాబూ?”

“రేకు నూట ఎనభై రూపాయలండీ. కోతకు ఇంకో రెండొందలు.”

ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తర్వాత టీ తాగి, మా మామిడి చెక్క బాగా ఆరలేదని చెప్పి వెళ్లిపోయారు.

రెండో పని కరెంటు. మన పల్లెల్లో బోరు మోటార్లకు ఆటోస్టార్టర్లు పెట్టడం మీకు తెలుసు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరగాలి, రైతు అర్ధరాత్రి లేచి పొలానికి పోనక్కర్లేకుండా. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తూ, ఆ ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను కోరాల్సి వచ్చింది. అంతగా అలవాటైన వస్తువు అది. రంపానికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కరెంటు పోయింది, బ్లేడు ఆగింది, మీరు వంగి పొట్టు ఊడుస్తున్నారు. కరెంటు వచ్చింది. మామూలు స్విచ్చు అయితే బ్లేడు వెంటనే తిరుగుతుంది. అందుకే పచ్చ బటన్ మళ్లీ నొక్కితే తప్ప కదలని స్టార్టరు ఉండాలి. కరెంటు పోగానే దాని లోపలి కాయిల్ వదిలేస్తుంది, తిరిగి దానంతటది పట్టుకోదు. ఎర్ర బటన్ మోకాలికి తగిలే ఎత్తులో, అరచేయంత వెడల్పున పెట్టాను. రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు ఆపడానికి మిగిలేది మోకాలే. ఎర్తింగు గురించి వేరే చెప్పక్కర్లేదు గానీ, చెప్పకపోతే వేయించరు కాబట్టి చెబుతున్నాను.

మోటారు మార్చలేదు. అది త్రీఫేజు, మా ఇంట్లో సింగిల్ ఫేజు. అందరూ సింగిల్ ఫేజు మోటారు కొనమన్నారు. నేను వీఎఫ్‌డీ పెట్టాను, అంటే సింగిల్ ఫేజు తీసుకుని త్రీఫేజు ఇచ్చే డబ్బా. ఇక్కడ ఒక మెలిక ఉంది. నా మోటారు 415 వోల్టులకు స్టారు కనెక్షన్‌లో ఉంది. అలాంటి మోటారు ఒక్కో చుట్టకు అందేది 415ను రూట్ మూడుతో భాగిస్తే వచ్చేది, అంటే 240 వోల్టులు. కాబట్టి మూత విప్పి పట్టీలు డెల్టాకు మారిస్తే ఇంటి వోల్టేజీలో పనిచేసే వీఎఫ్‌డీతోనే పూర్తి బలం వస్తుంది. ఈ పని చేయదలచినవాళ్లు మోటారు రేకు మీద 240 డెల్టా, 415 స్టారు అని ఉందో లేదో ముందు చూడండి. కొంచెం పెద్ద మోటార్లు 415కే డెల్టాలో ఉంటాయి, వాటికి ఈ ఉపాయం పనికిరాదు.

వీఎఫ్‌డీ నేను పెట్టింది బలం కోసం కాదు, బ్రేకు కోసం. ఎర్ర బటన్ నొక్కాక ఇదివరకు బ్లేడు నలభై సెకన్లు తిరిగేది. శబ్దం తగ్గిపోతుంది, తిరగడం మాత్రం ఆగదు, చెయ్యి పెట్టేది అప్పుడే. ఇప్పుడు బ్రేకు రెసిస్టరుతో నాలుగు సెకన్లలో ఆగుతుంది. ఇంకా తగ్గించవచ్చు కానీ మరీ ఠక్కున ఆపితే బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. కరెంటు రాగానే తిరిగే సదుపాయం వీఎఫ్‌డీల్లోనూ ఉంటుంది, సెట్టింగుల్లోకి పోయి దాన్ని ఆపేయాలి. డబ్బాను పొట్టు చేరని మూసిన పెట్టెలో పెట్టాలి.

మూడో పని, నాకు ఎంతో ఇష్టమైనది, సూటి. బేరింగులు రెండూ 6205లు, కొత్తవి వేశాను. అయినా బ్లేడు పక్కకు ఊగుతోంది. డయల్ గేజి పెడితే 0.35 మి.మీ. వచ్చింది. బ్లేడు తీసి, దాని వెనక ఆనే పళ్లెం మీద గేజి పెట్టాను, దోషం అక్కడుంది. షాఫ్టు ఊడదీసి లేతు మీద ఆ పళ్లేన్ని ఒక్క పొర చెక్కించాను. ఊగడం 0.06కు తగ్గింది. తర్వాత బల్లలో పొడవునా ఉన్న గాడికీ బ్లేడుకూ పొత్తు చూడాలి. ఇందులో కిటుకు ఏమిటంటే, ఒకే పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, ఆ పన్నునే ముందొకసారి, బ్లేడును చేత్తో తిప్పి వెనకొకసారి కొలవాలి. వేరే పళ్లను కొలిస్తే బ్లేడు ఊగడం కూడా లెక్కలో కలిసిపోతుంది. మొదట తేడా 0.8 మి.మీ. ఉంది. బల్ల బోల్టులు వదులు చేసి, కొయ్యసుత్తితో తట్టి, మళ్లీ బిగించి, మళ్లీ కొలిచి, ఒక ఆదివారం మొత్తం పోయాక 0.08 దగ్గర ఆగాను. బిగించిన ప్రతిసారీ బల్ల కొంచెం జరుగుతుంది. అందుకని బోల్టులు మూలకు మూల, కారు చక్రానికి బిగించినట్టు బిగించాలి. మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచింది, మూడోసారి పిలవలేదు.

ఈ సూటిని కూడా నేను భద్రత కిందే లెక్కవేస్తాను. చెక్క బ్లేడు వెనక అంచుకు రాసుకోకుండా ఉంటేనే ఎగదన్నదు. గైడు కూడా అంతే. పాత గైడు రెండు కొసలా విడివిడిగా బిగించేది, ప్రతిసారీ టేపుతో కొలవాలి. దాన్ని తీసేసి, ‘టి’ ఆకారంలో వెల్డింగు చేయించిన ఇనుప బాక్సు పైపు పెట్టాను. ముందు పట్టా మీద జారుతుంది, ఒక్క మీట నొక్కితే ఎక్కడ ఆపినా బ్లేడుకు సమాంతరంగానే నిలుస్తుంది. అమెరికాలో బీస్‌మేయర్ అనే ఆయన పేరుతో వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. డ్రాయింగు ఇస్తే మన వెల్డింగు షాపుల్లో చక్కగా చేస్తారు.

బ్లేడు గురించి రెండు మాటలు. పాత ఉక్కు బ్లేడు తీసి కార్బైడు పళ్లది వేశాను. టేకులో సిలికా ఉంటుంది, ఉక్కు పదును ఇట్టే పోతుంది. మొద్దుబారిన బ్లేడుకు చెక్కను బలంగా తోయాలి. బలంగా తోసే చెయ్యే జారుతుంది. నిలువు కోతకు 24 పళ్లు, అడ్డకోతకు 60. పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు కోసేవాళ్లు ముందు అయస్కాంతంతో మేకులు వెతుక్కోండి. బల్ల కింద రేకు డబ్బా కట్టి పొట్టును గొట్టంతో లాగేస్తున్నాను. ముక్కుకు గుడ్డ కడితే చాలనుకుంటాం గానీ, కొయ్య పొట్టు మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

చేతి తొడుగులు వేసుకుంటే మంచిదా అని చాలామంది అడుగుతారు. ఈ మిషను దగ్గర వేసుకోకూడదు. తొడుగు పోగు ఒక్కటి పళ్లకు చిక్కితే చెయ్యి మొత్తం లాగేస్తుంది. భుజం మీద కండువా, చేతికి కంకణం, వదులు చొక్కా చేతులు కూడా పనికిరావు.

వేలు తగిలితే దానంతటదే ఆగే మిషను లేదా? ఉంది. స్టీఫెన్ గాస్ అనే అమెరికన్, భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి పేటెంటు లాయరుగా ఉన్నాయన, తయారుచేశాడు. సాస్టాప్ పేరుతో 2004లో అమ్మకానికి వచ్చింది. బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం పారుతుంటుంది. శరీరం తగలగానే అది మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ స్ప్రింగు బలంతో పళ్లలోకి దూసుకెళ్లి, సెకనులో రెండువందలో వంతు కాలంలో బ్లేడును ఆపేస్తుంది. మనవాడు నిజంగా మెచ్చుకోదగ్గ పని చేశాడు. కానీ అది మిషనుతోపాటే పుట్టాలి, పాతదానికి తగిలించలేం. పాతదానికి ఉన్నది రేకు, మూత, తోపుడు కర్ర, ఎర్ర బటన్. మొత్తం పనిలో నాకు ఎక్కువ ఖర్చయింది వీఎఫ్‌డీకి, తర్వాత బ్లేడుకు. అన్నిటికన్నా తక్కువ అయింది రేకుకు.

ఇక సంఘం వారు అడిగిన మాటకు వస్తాను. క్రాఫ్ట్ గది తెరవండి, తప్పకుండా తెరవండి. మన రోజుల్లో అక్కడ నేర్చుకున్న చిత్రిక పట్టడం నాకు ఇంజనీరింగు కాలేజీలో కూడా ఎవరూ నేర్పలేదు. కానీ రంపం మిషను ఇవ్వను. నాది ఇవ్వను, ఇంకొకటి కొని ఇవ్వడానికి చందా కూడా వేయను. ఇప్పుడు చెప్పినవన్నీ అమర్చినా ఇవ్వను. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది, ఒక్క మాస్టారు, పీరియడు నలభై అయిదు నిమిషాలు. ఆ లెక్కలో ఆ మిషనుకు చోటు లేదు. ఒకరు కోస్తుంటే వెనక నుంచి ఇంకొకరు పిలిస్తే చాలు. కొందరు మిత్రులకు ఇది నచ్చదని తెలుసు. ‘పిల్లలు యంత్రాలకు అలవాటు పడాలి కదరా’ అని నిన్న రాత్రి భోజనాల దగ్గరే ఒకడు పోట్లాడాడు. అలవాటు పడాలి, కానీ పద్ధెనిమిది దాటాక, ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క మేస్త్రి నిలబడి నేర్పే చోట.

దానికి బదులు నేను చేయగలిగింది ఇది. పిల్లలకు చేతి రంపాలు, చిత్రికలు, మూలమట్టాలు, ఉలులు ఇరవై జతలు మా బ్యాచి తరఫున ఇస్తాం. వాళ్లు పనిచేయడానికి కావలసిన చెక్క అంతా నా మిషను మీద నేనే కోసి పంపిస్తాను. పలకలు, కమ్ములు, బల్ల కాళ్లు, ఏ కొలత అంటే ఆ కొలత. మేస్త్రి గారిని అడిగాను, నెలకు రెండు శనివారాలు వచ్చి పదును పెట్టడం నేర్పుతానన్నారు, రానూపోనూ బస్సు ఛార్జీలు సంఘం చూసుకోవాలి. హెడ్మాస్టరు గారు దసరా సెలవుల్లోపు కొలతలు రాసి పంపితే సంక్రాంతికి చెక్క దింపిస్తాను. ఈలోగా ఆ గది పడమటి కిటికీ తలుపులు బాగుచేయించండి. నిన్న చూసి వచ్చాను, జల్లు లోపలికి కొడుతోంది, ఎంత ఆరిన చెక్కయినా ఒక్క వానకే వంగిపోతుంది.